బాకీ తీరని రాజు: హరిశ్చంద్ర నాటకంలో ఇల్లాలు, బిడ్డ, కాటిసుంకం

బలిజేపల్లి లక్ష్మీకాంత కవి ‘సత్యహరిశ్చంద్రీయము’ను మనం సత్యవ్రతం కథగా చెప్పుకుంటాం. రంగస్థలం మీద దాన్ని ముందుకు తోసేది మాత్రం బాకీ. రాజ్యం ధారపోశాక కూడా విశ్వామిత్రుడికి ఇస్తానన్న యాగధనం మిగిలిపోతుంది. దానికి గడువుంది, వసూలుకు వెంట మనిషి ఉన్నాడు. మాట ఇచ్చింది రాజు. దాని బరువు పడింది భార్య మీద, పసివాడి మీద. ఇంటిపెద్ద మాటకు ఇల్లంతా పూచీ పడాలా? ఈ ప్రశ్నను నాటకం ఎక్కడా విడిగా అడగదు, తెల్లవార్లూ మన కళ్లముందు నడిపిస్తుంది. పల్లెల్లో రైతులు ఈ నాటకం కోసం రాత్రంతా మేలుకున్నారంటే పద్యాల తీపి ఒక్కటే కారణం కాదని నా నమ్మకం. షావుకారు గుమ్మం ముందు నిలబడ్డ మనిషికి హరిశ్చంద్రుడు పరాయివాడు కాడు.

నక్షత్రకుణ్ణి చూడండి. విశ్వామిత్రుడి శిష్యుడు, పాత్రగా చిన్నవాడే. కాళ్లు నొప్పులంటాడు, ఆకలంటాడు, అడుగడుక్కీ సతాయిస్తాడు. జనం నవ్వుతారు. ఆ నవ్వుల మధ్యే, ‘ఇవ్వనని ఒక్కమాట అనెయ్, నీ దారిన నువ్వు పో’ అని ఎర వేస్తాడు. నాటకంలో అసలు పరీక్ష అదే. అడవి, ఎండ, దప్పిక ఒంటిని మాత్రమే నలగ్గొడతాయి. ఆ ఒక్కమాట అంటే ఆలుబిడ్డలు దక్కుతారు, వ్రతం పోతుంది. నక్షత్రకుణ్ణి కేవలం హాస్యగాడిగా ఆడించే సమాజాలు ఈ కత్తి మొన విరిచేస్తాయి. గట్టి నటుడు నవ్విస్తూనే ఆ మాట దగ్గర గొంతు తగ్గిస్తాడు, పందిరంతా ఒక్కసారిగా సద్దుమణుగుతుంది.

వారణాసి సీనులో రాజు భార్య చంద్రమతి అమ్మకానికి నిలబడుతుంది. నన్ను అమ్మి రుణం తీర్చమనే మాట ఆమె నోటే రావడం పురాణకథ నుంచీ ఉన్నదే. దీన్ని పతిభక్తి అని సరిపెట్టుకుంటే పాత్ర సగమే మిగులుతుంది. హరిశ్చంద్రుడు కట్టుబడింది తను ఇచ్చిన మాటకు. చంద్రమతి కట్టుబడింది తను ఇవ్వని మాటకు. ఈ ఇద్దరిలో ఎవరి వ్రతం కష్టమో చూసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇక కొడుకు లోహితాస్యుడికి మాటంటే ఏమిటో తెలిసే వయసు కూడా లేదు. స్త్రీ వేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు రంగస్థలం మీద మొదట కట్టిన వేషం చంద్రమతే. ఆ పాత్రలో నటుడికి ఎంత చోటుందో చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు.

ఈ నాటకాన్ని ఆడే పద్ధతిలోనే ఒక విశేషం ఉంది. ఒకే రాత్రి హరిశ్చంద్రుడి వేషం ఇద్దరు, ముగ్గురు నటులు వరసగా కడతారు. ఇన్ని పద్యాలు ఒక్క గొంతు మోయలేదు. పైగా కరపత్రంలో ఎన్ని పేర్లుంటే అంత జనం. కారణాలు ఇంత మామూలువే అయినా ఫలితం గొప్పది. కొలువులో రాజు, బజారులో ఆలిని అమ్మినవాడు, కాటికాపరి. ఈ ముగ్గురూ నిజంగానే వేరువేరు మనుషులు. కొత్త ముఖం తెర వెనక నుంచి వచ్చినప్పుడు, బాకీ మనిషిని ఎంత మార్చేస్తుందో జనానికి మాటల్లో చెప్పే పని ఉండదు.

పద్యం సంగతి కూడా చెప్పాలి. సీసపద్యంలో నాలుగు పెద్ద పాదాలు, కింద తేటగీతో ఆటవెలదో ఉంటుంది. పెద్ద పాదాల్లో దుఃఖాన్ని ఒక్కో మెట్టుగా పేర్చుకుంటూ వెళ్లి, కింది ఎత్తుగీతిలో మనసులోని అసలు మాట విప్పుతారు. మంచి నటుడు పద్యాన్ని మాట మాటా విడివిడిగా వినిపించి, భావం పూర్తయ్యాకే రాగం అందుకుంటాడు. హార్మోనిస్టు అప్పటిదాకా శ్రుతి మాత్రం పట్టి కూర్చుంటాడు. అర్థం చెవిన పడకముందే రాగం తీసేవాడికి చప్పట్లు దక్కుతాయి, ఒన్స్‌మోర్లూ దక్కుతాయి. హరిశ్చంద్రుడు మాత్రం దక్కడు.

కాటి సీనులో నాటకకర్తవి కాని పద్యాలు వచ్చి చేరాయి, అవి గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు. వాటిని విడదీసి ఈ సీను ఊహించుకోలేం. అంటరానితనం అనుభవించిన కవి పద్యాలను, కాటి యజమాని వీరబాహుడికి అమ్ముడుపోయిన రాజు నోట జనమే ఏరికోరి విన్నారు. రాజునూ పేదనూ ఒకే మట్టిలో చూసే ఆ చూపుకు నిలబడ్డ చోటే సాక్ష్యం.

అక్కడికే చంద్రమతి పాము కరిచి చనిపోయిన బిడ్డను మోసుకొస్తుంది. కాటిసుంకం ఇమ్మంటాడు కాపరి. ఆమె దగ్గర చిల్లిగవ్వ లేదు. మెడలో తాళి ఉంది కదా అంటాడు. ఆ తాళి భర్తకు తప్ప ఇంకెవరి కంటికీ కనపడదని వరం. ఆలుమగలను కలిపే గుర్తును సుంకం కింద అడిగినప్పుడే వాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టారు. అయినా సుంకం మాఫీ కాలేదు. కొడుకు శవం ఎదురుగా ఉన్నా యజమాని సొమ్ము విడిచే అధికారం అతనికి లేదు. నాటకం మొదట్లో బాకీపడ్డవాడు ఇక్కడ బాకీ వసూలు చేసేవాడయ్యాడు. నక్షత్రకుడు చేసిన పనే ఇప్పుడు ఇతని పని, అదీ కన్న కొడుకు శవం దగ్గర.

తర్వాత చంద్రమతి మీద కాశీరాజు కొడుకును చంపిందన్న నింద, తల నరకమన్న ఆజ్ఞ, దేవతలు ప్రత్యక్షం కావడం. ఇవి కథకు కావాలి కాబట్టి వస్తాయి. నాకు ఆ వరాల కన్నా సుంకం దగ్గర ఆగిన మాటే పెద్దది.

ఈ మధ్య సభల్లో కాటి సీను ఒక్కటే విడిగా ఆడిస్తున్నారు. గాత్రానికి అది చాలు. కానీ వారణాసిలో వెల కట్టించుకున్న చంద్రమతిని చూడనివాళ్లకు కాటిలో సుంకం అడగడం ఒక పద్యంగానే వినిపిస్తుంది. పోటీలు పెట్టే పరిషత్తులు కనీసం ఆ రెండు సీన్లనూ కలిపి ఆడమని నిబంధన పెట్టాలి, అందుకు తగ్గ సమయమూ ఇవ్వాలి.