వెనక అద్దం మీది గీతలు

మా ఇంటికి వచ్చినవాళ్లు అక్వేరియం ముందు ఆగి చేపల్ని చూస్తారు. నేను వాళ్ల భుజం పట్టి పక్కకు తిప్పి వెనక అద్దం చూపిస్తాను. అక్కడ కింది నుంచి పైకి నల్ల మార్కర్‌తో గీసిన సన్నటి గీతలుంటాయి. పక్కన అంకెలు: 5, 10, 15, అలా 45 దాకా. దానికి నాలుగు మిల్లీమీటర్ల పైన ఇంకో చిన్న గీత. సోమాజిగూడలో మేముండే అపార్టుమెంటుకే వచ్చి, వరండాలో తొట్టి కట్టి ఇచ్చిన ఉస్తాద్ గీసిన గీతలవి. ఈ ఊళ్లో అద్దంతో ఇంత నిజాయతీగా పనిచేసే చేతుల్ని నేను మళ్లీ చూడలేదు.

ఆయన పని చూడటమే ఒక భాగ్యం. టేపు రెండుసార్లు పట్టి కొలిచేవాడు. కట్టర్ చక్రానికి నూనె తడిపి, అద్దం మీద ఒక్కటంటే ఒక్కసారి లాగేవాడు. గీత మీద కిందినుంచి చిన్నగా తడితే పలక వెన్నలా విడిపోయేది. అంచుల్ని రాయితో నూరి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, రెండు పలకల నడుమ మిల్లీమీటరు సందు వదిలి సిలికాన్ పట్టించేవాడు. మూలల్లో వేలితో ఒకే లాగుడు. రెండోసారి వేలు పెడితే బుడగలొస్తాయట. వెనిగర్ లాంటి ఆ ఘాటు వాసన ఇల్లంతా రెండు రోజులుండేది. వాసన పూర్తిగా పోయేదాకా చుక్క నీరు పోయనిచ్చేవాడు కాదు.

అసలు పని ఆ తర్వాతే. లీకేజీ చూసే రోజున అందరూ పైపు పెట్టి నింపేస్తారు. ఆయన మాత్రం అయిదు లీటర్ల బకెట్‌తో కొలిచి పోసేవాడు. ఒక బకెట్ పోసి, నీరు నిలకడయ్యేదాకా ఆగి, మట్టానికి కళ్లు ఆనేలా వంగి గీత గీసేవాడు. అలా తొమ్మిది బకెట్లు. ఆ మీద ముప్పావు లీటరుకు కాస్త తక్కువ పోసి, మార్కర్ మూత పెట్టి అన్నాడు: "సార్, రెండడుగుల ట్యాంకే గానీ నీళ్లు నలభై అయిదే పడ్తయి. రాళ్లేస్తే ఇంకా తగ్గుతయి. మందేస్తే దానికే లెక్క కట్టుండ్రి."

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే తొట్టి ఇదే. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు కాబట్టి లెక్కకు 56.6 లీటర్లు. దుకాణంలో దాన్ని "అరవై లీటర్లు" అంటారు. ఆ కొలత అద్దానికి బయటి నుంచి పట్టింది. అద్దం మందం 6 మిల్లీమీటర్లయితే పొడవులో 12, వెడల్పులో 12, అడుగున 6 మిల్లీమీటర్లు అద్దానికే పోయాయి. చేప ఎగిరి బయటపడకుండా పైన అంగుళంన్నర వదలాలి. ఇక లోపల మిగిలింది 45.7 లీటర్లు. అడుగున 5 సెంటీమీటర్ల ఎత్తున గులకరాళ్లు పరిచామనుకోండి. రాళ్ల సందుల్లో నీరు దూరినా, ఆ పొరలో సుమారు 60 శాతం రాయే. అంటే ఇంకో 5 లీటర్లకు పైగా తగ్గింది. అలంకరణకు మూడు కిలోల రాళ్లు పెడితే మరో లీటరు. తేలిన లెక్క 39 లీటర్లు. అరవై అని కొన్న తొట్టిలో మూడోవంతు నీళ్లే లేవు.

ఈ తేడా మనకు కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్ 408 టీఎంసీలు అని మేం బడిలో చదువుకున్నాం. పూడిక చేరి ఇప్పుడది 312. శ్రీశైలం 308 నుంచి 215కు దిగింది. అంత పెద్ద జలాశయానికి ఇంజినీర్లు పడవల మీద తిరిగి సర్వే చేసి కొత్త అంకె రాసుకుంటే, గదిలో మూలనున్న తొట్టికి మనం డబ్బా మీది అంకెనే నమ్ముకుని కూర్చుంటాం.

చరిత్ర నేను పెద్దగా తవ్వలేదు. కానీ ఒక్క మనిషి పేరు చెప్పకుండా ముందుకు పోలేను. రాబర్ట్ వారింగ్టన్, లండన్ రసాయన శాస్త్రవేత్త. గాజుపాత్రలో చేపలూ మొక్కలూ నత్తలూ కలిసి బతుకుతాయని ప్రయోగం చేసి 1850లో ప్రకటించాడు. రెండు చిన్న బంగారు చేపల్ని సుమారు 12 గ్యాలన్లు పట్టే గాజుపాత్రలో వేశానని రాసి, దాంట్లో నీరు సగం దాకే పోశానని కూడా రాశాడు. పాత్ర ఎంత పడుతుందో ఒక అంకె, నీరు ఎంత పోశాడో ఇంకో మాట! ఇంటి అక్వేరియం పుట్టిన రోజుల్లోనే ఈ విద్యకు ఇంత శుభ్రమైన లెక్క ఉంది. దాన్ని పాడుచేసింది వెనకొచ్చిన వ్యాపారమే.

గ్యాలన్ల గోల ఇంకొకటి. బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు, అమెరికా గ్యాలన్ 3.785. పది గ్యాలన్లు అంటే ఒక లెక్కలో 45 లీటర్లు, ఇంకో లెక్కలో 38. మందు సీసా అమెరికాది, తొట్టి చైనాది, అమ్మేవాడు అమీర్‌పేటవాడు. అతను చెప్పేది ఏ గ్యాలనో ఎవరికి తెలుసు? అందుకే జపాన్‌కు చెందిన తకాషి అమానో అంటే నాకు ప్రాణం. సైకిల్ పందేల ఆటగాడు, ఫొటోగ్రాఫర్, నీటి అడుగున అడవులు పెంచిన మహానుభావుడు. 1982లో ఆయన పెట్టిన కంపెనీ తన తొట్లకు లీటర్ల పేరే పెట్టలేదు. 60-పి అంటే పొడవు 60 సెంటీమీటర్లు, అంతే. కొలిచి చూస్తే సరిపోయే అంకె అది. 2015లో చనిపోయేముందు ఆయన లిస్బన్ అక్వేరియంలో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల నీటితో ఒక అడవినే నిలబెట్టి వెళ్లాడు. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు కడుపుమంట సంగతి. ఉస్తాద్ పరిచయం కాకముందు ఒక దుకాణంలో "అరవై లీటర్ల" తొట్టి కొన్నాను. దానికీ ఇవే కొలతలు. అందులోని నియాన్ టెట్రా చేపలకు తెల్లమచ్చ జబ్బు వచ్చింది. మలకైట్ గ్రీన్ కలిసిన మందు సీసా మీది కొలత చూసి, అరవై లీటర్లకు లెక్కగట్టి చుక్కలు వేశాను. నీరున్నది 39. అంటే వేసింది ఒకటిన్నర రెట్లు. టెట్రాలు ఆ మందును అసలే తట్టుకోలేవు. తెల్లారేసరికి పదకొండు చేపలు పైకి తేలాయి. దుకాణంవాణ్ని అడిగితే, "అందరూ అంతే చెప్తరు సార్" అన్నాడు. పాల ప్యాకెట్ మీద అర లీటరని వేసి మూడోవంతు తక్కువ పోస్తే వీధిలో కొట్లాటవుతుంది. ఇక్కడ మాత్రం ఎవరికీ పట్టదు. ఎందుకంటే చచ్చేది చేప.

పంజగుట్ట వైపు షోరూముల్లో ఇప్పుడు వరసగా మెరుస్తున్నవి అచ్చుపోసిన డబ్బాలు. ముందు అద్దం వంపు, మూత కింద లైటు, వెనక ఫిల్టర్ గది. ఆ గదిలోకి చేప వెళ్లదు గానీ దాని నీటిని కూడా కలిపి లీటర్లు అచ్చేస్తారు. వాటికన్నా ఘోరం, బల్ల మీద పెట్టుకునే మూడు లీటర్ల గాజుగిన్నె. మెడ దాకా నింపితే మూడు, నింపేది రెండున్నర. అందులో జానెడు పెరగాల్సిన బంగారు చేప! ఈ వస్తువుల ముందు ఉస్తాద్ లాంటివాళ్లకు బేరాలు తగ్గిపోయాయి. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు ఇప్పుడు కిటికీ అద్దాలు బిగిస్తున్నారు. తొట్లు అమ్మే ప్రతి ఒక్కరినీ చేతులు జోడించి అడుగుతున్నాను: అద్దం కొలత ఒకటి, నీటి కొలత ఒకటి, రెండూ రాసి అతికించండి. పది రూపాయల మార్కర్‌తో అయిపోయే పని.

ఇప్పటికే ఇంట్లో తొట్టి నిండుగా ఉన్నవాళ్లు నీరెంతో కొలవడానికి దాన్ని ఖాళీ చేయక్కర్లేదు. అయోడిన్ లేని ఉప్పు 10 గ్రాములు సరిగ్గా తూచండి. ఇంకా నీటిలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటర్ కావాలి. అది సాధారణంగా ఆర్‌వో నీళ్లు చూసేవాళ్ల దగ్గర ఉంటుంది, ఉప్పు లెక్కకు సరిచేసినదై ఉండాలి. ముందు తొట్టినీటి రీడింగ్ రాసుకోండి. ఉప్పును గ్లాసు తొట్టినీటిలో కరిగించి పోసి, ఫిల్టర్ నడవనిచ్చి, గంట తర్వాత మళ్లీ చూడండి. పెరిగిన అంకెతో 10,000ను భాగిస్తే వచ్చేది లీటర్లు. మా తొట్టిలో 256 పెరిగింది. ఆ కాస్త ఉప్పు చేపలకు ఏమీ చేయదు. ఇసుక, రాళ్లు, మొక్కల వేర్లు ఆక్రమించిన చోటంతా ఈ లెక్కలో దానంతటదే తీసివేత అవుతుంది.

మొన్న పండక్కి ఇల్లు తుడుస్తూ పనమ్మాయి వెనక అద్దం కూడా రుద్దేసింది. గీతలు వెలిసిపోయాయి. కొత్త మార్కర్ తెచ్చి, ఉస్తాద్ గీసిన జాడ మీదనే ఒక్కొక్కటీ దిద్దాను. పైనున్న చివరి గీత పక్కన ఎర్ర సిరాతో 39 అని రాశాను.