ఆలేఖ్యము, తుల్యదేహి: గెర్హార్డ్ రిఖ్టర్ కుటుంబచిత్రములపై ఒక విచారము

కావ్యార్థహరణమును గూర్చి మన యాలంకారికులు చేసిన విభాగము సాహిత్యవిద్యార్థులకు సుపరిచితము. ఒకరి రచన మఱియొకరి రచనను పోలియుండుటకు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాలుగవ ఉద్ద్యోతమున సంవాదమని పేరిడి, అది ప్రతిబింబమువలె, చిత్రమువలె, తుల్యదేహివలె మూడు తెఱగులుగా నుండునని చెప్పెను. మొదటి రెండును త్యాజ్యములు, మూడవది గ్రాహ్యము. రాజశేఖరుడు కావ్యమీమాంసలో దీనినే విస్తరించి పరపురప్రవేశసదృశమను నాలుగవదానిని చేర్చెను. ఈ విభాగమును మేము చాల సంవత్సరములు తరగతిలో ఒక కొలబద్దవలె బోధించితిమి. మక్కికి మక్కి యైనచో ప్రతిబింబము, కొంత మార్పున్నచో ఆలేఖ్యము, పోలిక స్వల్పమైనచో తుల్యదేహి. ఇట్లు చెప్పిన విద్యార్థులకు మార్కులు కూడ వేసితిమి. ఈ బోధన సరికాదని మాకు తోచినది కావ్యపఠనమున కాదు. ఒక జర్మన్ చిత్రకారుడు తన యింటి ఆల్బములోని సామాన్యమైన ఫోటోలను చూచి వేసిన రెండు చిత్రములను ముద్రితప్రతులలో పరిశీలించుచుండగా తోచినది. తెలుగు శాఖవారి పత్రికలో చిత్రకళాప్రసంగ మేల యని పాఠకులు శంకింపవచ్చును. మూలమునకును దానినుండి పుట్టిన కృతికిని గల సంబంధము మన సాహిత్యమునకు పుట్టుకతో వచ్చిన ప్రశ్న యగుటయే మా సమాధానము.

చిత్రకారులు ఫోటోను ఆశ్రయించుట క్రొత్త విషయము కాదు. దెలక్రువా 1850 దశకముననే ఫోటోలను చూచి రేఖాభ్యాసము చేసెను. దెగా 1895లో తానే కెమెరా పట్టెను. 1859నాటి చిత్రప్రదర్శనమును సమీక్షించుచు బోద్లేరు, ఫోటో శాస్త్రములకును కళలకును పరిచారికగా నుండవలసినదే కాని వాని స్థానము నాక్రమింపరాదని వాదించెను. ఈ చరిత్రలో ఫోటో చిత్రకారునకు సహాయము మాత్రమే. గుఱ్ఱము కాలు ఎట్లు మడచునో, నడుము ఎట్లు వంగునో తెలిసికొని దానిని ప్రక్కకు పెట్టెడివారు. ఫోటోనే, అందులోను ఎవరో ఇంటిలో తీసిన సాదా ఫోటోనే, చిత్రమునకు వస్తువుగా స్వీకరించుట వేఱు.

గెర్హార్డ్ రిఖ్టర్ 1932లో డ్రెస్డెన్ నగరమున జన్మించెను. తూర్పు జర్మనీలో చిత్రవిద్య నభ్యసించి 1961లో పశ్చిమమునకు వలసపోయెను. 1962నుండి వార్తాపత్రికలనుండి, ఆల్బములనుండి ఫోటోలను చూచి చిత్రించుట మొదలిడెను. అట్లు సేకరించిన వానిని పలకలపై అతికించి ‘అట్లాస్’ అను పేర భద్రపఱచెను. ఆ పలకలు నేడు ఎనిమిది వందలకు మించినవి. అతని పద్ధతి మిక్కిలి సరళము. ఫోటోను యంత్రసహాయమున కాన్వాసుపై పెద్దదిగా ప్రసరింపజేసి, రేఖలు గీసికొని, నలుపు తెలుపుల నడిమి బూడిదవన్నెలతో మూలము నున్నదున్నట్లు దింపును. రంగు ఆఱకముందే పొడికుంచెతో దానిపై మెల్లగా లాగును. అంచులన్నియు చెదరి, చిత్రము మంచులోనుండి చూచినట్లగును.

1965లో వేసిన ‘రూడీ మామ’ ఇట్టి చిత్రము. ఎత్తు 87, వెడల్పు 50 సెంటీమీటర్లు. పొడవైన సైనికకోటు ధరించి, టోపీ పెట్టుకొని, ఒక గోడయెదుట నిలిచి నవ్వుచున్న యువకుడు. ఇతడు చిత్రకారుని తల్లికి సోదరుడు, హిట్లరు సైన్యమున చేరి యుద్ధమున మరణించినవాడు. మూలఫోటో ఏ యింటిలోనైన ఉండదగినది. మన యిండ్లలోను పట్టాలము వెళ్లిన కుమారుని ఫోటో చట్రము కట్టించి గోడకు వ్రేలాడదీయుట యున్నదే కదా. దానిని తీసినవానికి కళాభిమాన మేమియు లేదు. ఇడుగో మావాడు, క్రొత్త కోటు వేసికొన్నాడు, అని చెప్పుట మాత్రమే దాని పని.

ఇక రాజశేఖరుని లక్షణమును దీనికి పట్టి చూతము. వస్తువు నొకింత సంస్కరించుటచే అది వేఱొకటివలె భాసించిన నది ఆలేఖ్యప్రఖ్యము. రిఖ్టరు చేసిన సంస్కారము అంచులు చెఱపుట యొక్కటే. భంగిమ మారలేదు, నవ్వు మారలేదు, గోడ మారలేదు. కనుక ఈ చిత్రము ఆలేఖ్యమే, త్యాజ్యమే. మా పాత కొలబద్ద తీర్పు ఇదియే. కాని చిత్రము నెదుట నుంచుకొని ఈ తీర్పును పలుకుటకు నోరు రాదు. ఫోటోను చూచిన తల్లికి ముద్దు వచ్చును. చిత్రమును చూచిన మనకు భయము కలుగును. దేహ మొక్కటియే, ఫలము లిట్లు విరుద్ధములైనవి.

ఆనందవర్ధనుని కారికలను మరల చదివితిమి. అచట పోలికయొక్క పరిమాణమును గూర్చిన మాటయే లేదు. ప్రతిబింబమునకు తనదగు ఆత్మ లేదు. చిత్రమునకున్న ఆత్మ తుచ్ఛము. తుల్యదేహికి ప్రసిద్ధమైన వేఱాత్మ కలదు. ఆత్మ వేఱైనచో పూర్వరూపము ననుసరించినను వస్తువు ప్రకాశించునని చెప్పుచు, చంద్రుని పోలిన స్త్రీముఖమును ఆయన దృష్టాంతముగా చూపెను. ఆయన అడిగినది ఎంత మారినదని కాదు, లోపల నున్నదెవరని. ఒకింత సంస్కార మను రాజశేఖరుని మాటను పట్టుకొని మేము గుణమును పరిమాణముగా మార్చితిమి.

రూడీ చిత్రమున వేఱాత్మ యెచట నున్నది? మా దృష్టిలో అది ఆ మసకయందే యున్నది, కాని అందముకొఱకు వేసిన మసక యగుటచే కాదు. కుంచె ముఖముపై నెట్లు నడచినదో, కోటుపైనను గోడపైనను అట్లే నడచినది. ముఖమునకు పక్షపాతము చూపి దానిని స్పష్టముగా విడిచిన, అది ప్రేమచిత్ర మయ్యెడిది. సైనికచిహ్నములను విడిచిన, నేరారోపణ మయ్యెడిది. మేనల్లుడు ఈ రెండింటిలో దేనిని చేయలేదు. అతడు మామను క్షమించుటయు లేదు, శిక్షించుటయు లేదు. ఫోటో తీయుటకు క్షణము చాలును. ఆ నవ్వును ఇరువది యేండ్ల తరువాత చేతితో, మెల్లగా, అంగుళ మంగుళముగా మరల నవ్వింపవలసివచ్చినవాని స్థితి చిత్రమున మిగిలినది. మూలమున లేనిది, ఉండ నేరనిది అదియే.

ఈ సందర్భమున ఉత్తరరామచరితము ప్రథమాంకమును స్మరింపకుండుట కష్టము. లక్ష్మణుడు చిత్రపటములను చూపుచుండగా సీత ఊర్మిళను చూపి ఈమె యెవరని పరిహసించును, శూర్పణఖను చూచి భయపడును. అది బొమ్మయే యని రాముడు ఊరడించును. పటములలోని కష్టములన్నియు గడచిపోయినవి. రానున్న కష్ట మొక్కటియు వానిలో లేదు. ప్రేక్షకునకు మాత్రము తెలియును. చూచి చూచి సీతకు మరల వనములకు పోవలెనను కోరిక కలుగును. ఆ కోరికయే పరిత్యాగమునకు దారి యగును. పటముల యజ్ఞానమే భవభూతికి రసోపకరణము. సామాన్యపు ఫోటో చిత్రకారునకు పనికివచ్చుటకును కారణ మిదియే యని మా యభిప్రాయము. ఆలోచించి కూర్చిన చిత్రమునకు తన భావ మేమో తెలియును. ఇంటి ఫోటోకు తా నేమి చూపుచున్నదో తెలియదు.

ఒక బలమైన యాక్షేపము కలదు. అదే 1965లో రిఖ్టరు ‘మరియానె పిన్ని’ యను చిత్రమును వేసెను. మూలము 1932నాటి ఫోటో. పసిబిడ్డ రిఖ్టరు, వెనుక పదునాలుగేండ్ల పినతల్లి. ఈమెకు తరువాత మనోవ్యాధి యని నిర్ణయించి, నాజీ చట్టము క్రింద బలవంతముగా సంతానహీనను చేసి, చికిత్సాలయములలో నిర్బంధించి, 1945 ఫిబ్రవరిలో రోగులను ఆకలిచేతను మందులచేతను చంపిన గ్రోస్‌ష్వైడ్నిట్స్ సంస్థలో అంతమొందించిరి. 2005లో యుర్గెన్ ష్రైబర్ వ్రాసిన గ్రంథమువలన మఱియొక సంగతి లోకమునకు తెలిసినది. చిత్రకారుని మామగారగు వైద్యుడు డ్రెస్డెన్‌లో అట్టి నిర్బంధశస్త్రచికిత్సలలో పాల్గొన్నవాడు. 1964నాటి ‘సముద్రతీరమున కుటుంబము’ అను చిత్రములో నవ్వుచున్నది అతడే. ఇవి తెలిసిన పిమ్మట ఆ బాలిక ముఖమును తొల్లింటివలె చూడజాలము. అయినచో ఆత్మ చిత్రమున నున్నదా, గ్రంథమున నున్నదా?

దీనికి పూర్తి సమాధానము మావద్ద లేదు. భవభూతి ప్రేక్షకునకు రామకథ ముందే తెలియును. ఆ తెలివి లోకసామాన్యము. మరియానె కథ నలువదేండ్లు లోకమునకు తెలియదు. తెలియని కాలమున ఆ చిత్రము చెదరిన అంచులుగల ఒక మృదువైన కుటుంబదృశ్యము మాత్రమే. కనుక రెండింటిలో రూడీ చిత్రమే ఉత్తమమని మేము తలంచుచున్నాము. దానికి కోటును నవ్వును మించిన వ్యాఖ్యానము అక్కఱలేదు. మరియానె చిత్రము మనలను ఎక్కువ బాధించుట నిజమే, కాని బాధించినంతమాత్రమున కృతి గొప్పది కాదు.

ఇక మనయింటి మాట. శ్రీహర్షుని నైషధమును తెలిగించిన శ్రీనాథుడు గ్రంథాంతమున తన పద్ధతిని తానే చెప్పికొనుచు, ఔచిత్యము నాదరించి అనౌచిత్యమును పరిహరించితినని చేర్చెను. అయినను మన పరిశోధకులు ఎడమవైపు మూలశ్లోకమును, కుడివైపు తెలుగుపద్యమును రెండు వరుసలుగా ముద్రించి, ఇచట విడిచెను, ఇచట పెంచెను, ఇచట యథాతథము అని లెక్క తేల్చి సిద్ధాంతగ్రంథమును ముగించుచున్నారు. యథాతథమని తేలినచోటనే పరిశీలన ఆరంభము కావలసియుండగా అక్కడనే ఆగిపోవుచున్నది. ఇట్టి పట్టికలను మేమును తయారుచేసితిమి, మా పరిశోధనగ్రంథమున నలువది పుటలు అవియే.

రూడీ చిత్రము తరువాత పొందిన గతి యొకటి చెప్పవలసియున్నది. చెక్ దేశపు లిడిత్సే గ్రామమును 1942 జూనులో నాజీలు నేలమట్టము చేసిరి, పురుషులను కాల్చివేసిరి, స్త్రీలను నిర్బంధశిబిరములకు పంపిరి. 1967లో బెర్లిన్‌లో ఆ గ్రామస్మృత్యర్థము ఏర్పాటైన ప్రదర్శనమునకు పలువురు చిత్రకారులు కృతులను సమర్పించిరి. రిఖ్టరు ఇచ్చినది ఈ చిత్రమునే. అది లిడిత్సే సంగ్రహమునకు చెందినది. ఆ కోటుతో, ఆ నవ్వుతో నున్న మూలఫోటోను ఆ గ్రామమునకు పంపుట సాధ్యమయ్యెడిదా యని మేము మా విద్యార్థులను అడిగితిమి. తరగతిలో చాలసేపు ఎవరును మాటాడలేదు.