లివర్ మెత్తబడితే

కొప్పులింగేశ్వరస్వామి కొలువైన పలివెలలో, పక్కనున్న కొత్తపేట, రావులపాలెంలలో మోటార్ సైకిల్ లేనిదే రోజు గడవదు. ఇక్కడి ఎక్కువ బండ్లకు క్లచ్ కేబుల్‌తోనే నడుస్తుంది. ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ హయబుసా లాంటి పెద్ద బండ్లకు ఉంటుంది. అయితే డిస్క్ బ్రేకుదీ అదే సూత్రం కాబట్టి, ఆయిల్ గొట్టంలో చేరిన గాలి తీయడం తెలియని మెకానిక్‌కు ఇప్పుడు పని జరగదు.

క్లచ్ లివర్ నొక్కితే పైనున్న మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను గొట్టంలోకి తోస్తుంది, కింద స్లేవ్ సిలిండర్ క్లచ్‌ను విడదీస్తుంది. ద్రవం నొక్కితే కుంగదు, గాలి కుంగుతుంది. చిన్న బుడగ చేరినా చేతి బలమంతా దాన్ని నలపడానికే పోతుంది. లివర్ మెత్తబడుతుంది, గేరు గరగరమంటుంది, న్యూట్రల్ దొరకదు.

గాలి తీయడానికి కావలసినవి రింగ్ స్పానర్, లోపల కనిపించే సన్నటి గొట్టం, ఒక సీసా, ఇద్దరు మనుషులు. గొట్టం ఒక కొస స్లేవ్ సిలిండర్ మీదున్న నిపిల్‌కు తొడిగి, రెండోది సీసాలోని ఆయిల్‌లో ముంచుతారు. మేస్త్రి నిపిల్ దగ్గర కూర్చుంటాడు. కుర్రాడు లివర్‌ను నాలుగైదుసార్లు నొక్కి గట్టిగా పట్టుకుని "పట్టానండీ" అంటాడు. మేస్త్రి నిపిల్‌ను పావు చుట్టు వదులు చేస్తాడు. బుడగలతో ఆయిల్ బయటికొస్తుంది. వెంటనే బిగించి, ఆ తర్వాతే "వదులు" అంటాడు. ఈ వరుస తప్పి లివర్ ముందే వదిలితే బయటి గాలి తిరిగి లోపలికి పోతుంది. పైన మాస్టర్ సిలిండర్ డబ్బాలో ఆయిల్ అడుగంటినా అంతే. అందుకే మంచి మేస్త్రి కన్ను ఎప్పుడూ రెండుచోట్లా ఉంటుంది. మొండి బుడగలుంటే సిరంజితో కిందినుంచి పైకి ఆయిల్ ఎక్కిస్తారు. గాలి స్వభావమే పైకి పోవడం కాబట్టి నాకు ఈ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది. రాత్రంతా లివర్‌ను గ్రిప్‌కు కట్టి ఉంచడమూ కొంత పనిచేస్తుంది.

కాలువ గట్టున ఆయిల్ ఇంజన్‌కు ఎయిర్ పడితే స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా డీజిల్ తోడిన చేతులకు ఇది కొత్త విద్య కాదు. ద్రవం మాత్రం వేరు. ఈ బండ్లలో పోసే డాట్ 4 ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగనిది, తేమ పట్టాక 155 దగ్గరే మరగొచ్చు. పెయింట్ మీద పడితే రంగు లేపేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి. కొన్ని బండ్ల క్లచ్‌కు మినరల్ ఆయిలే పోయాలి. ఒకదానికి బదులు మరొకటి పోస్తే రబ్బరు సీళ్లు పాడవుతాయి.

ఈ పనికి పెద్ద యంత్రం అక్కర్లేదు, తొందర మాత్రం పనికిరాదు. గంట పట్టినా మేస్త్రిని కంగారు పెట్టకండి, అడిగిన కూలి ఇవ్వండి. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించండి. పోసేముందు డబ్బా మూత మీద ఏ ఆయిల్ అని రాసుందో మీరే చదవండి.