అనవసరంగా నోరు విప్పని పనిముట్టు

2024 మార్చి నెలాఖరులో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ తన పరీక్షల యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ మందగించిందని గమనించారు. 0.3 సెకన్లలో తేలిపోయేది 0.8 సెకన్లు పడుతోంది. తప్పుడు యూజర్ పేరుతో వచ్చి వెంటనే తిరస్కరణ పొందే లాగిన్లు కూడా ప్రాసెసర్‌ను తెగ వాడేస్తున్నాయి. ఆ సమయం ఎక్కడికి పోతోందని 'పర్ఫ్' అనే కొలత పనిముట్టు పెట్టి చూస్తే ఒక కంప్రెషన్ లైబ్రరీ తేలింది. అందులో ఏ ఫంక్షనో మాత్రం పర్ఫ్ పేరు చెప్పలేకపోయింది. అప్పుడు ఆయనకు, కొన్ని వారాల కిందట పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పరీక్షల్లో, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రిండ్ చేసిన వింత ఫిర్యాదు ఒకటి గుర్తొచ్చింది. అక్కడి నుంచి తీగ లాగితే డొంకంతా కదిలింది. లెక్కలేనన్ని లినక్స్ సర్వర్లలోకి చేరబోతున్న దొంగదారి, ఎక్స్‌జెడ్ అనే ఆ కంప్రెషన్ లైబ్రరీలో దాచింది, బయటపడింది.

పత్రికలన్నీ ఆ అరసెకను గురించే రాశాయి. కంపైలర్లు, డీబగ్గర్ల మధ్యే బతికే నాకు మాత్రం వాల్‌గ్రిండ్ ఫిర్యాదు దగ్గరే మనసు ఆగిపోయింది. ఫిబ్రవరిలో వచ్చిన ఎక్స్‌జెడ్ 5.6.0 వెర్షన్‌లో ఆ దొంగ కోడ్ స్టాక్ ఒక తీరుగా ఉంటుందనుకుంది. కొన్నిచోట్ల అలా లేకపోయేసరికి వాల్‌గ్రిండ్ తప్పు పట్టింది. రెండు వారాలకే 5.6.1 వచ్చింది, ఆ ఫిర్యాదులు వినపడకుండా చేసే మార్పులతో. రెండేళ్లకు పైగా ఓపికపట్టి, అలసిపోయిన ఎక్స్‌జెడ్ ఒంటరి నిర్వాహకుడి నమ్మకం సంపాదించి లోపలికొచ్చినవాళ్లు ఒక డీబగ్గింగ్ పనిముట్టు నోరు నొక్కడానికి అంత తొందరపడ్డారు. ఆ పనిముట్టు నోరు విప్పితే ప్రోగ్రామర్లు వింటారని వాళ్లకూ తెలుసు.

ఆ వినడమన్నది ఊరికే రాలేదు. వాల్‌గ్రిండ్ 1.0 వెలువడింది 2002లో. దాన్ని మొదలుపెట్టిన జూలియన్ స్యూవర్డ్, అందరూ వాడే బీజిప్2 రాసినాయనే. వాల్‌గ్రిండ్‌లో ముఖ్యమైన భాగం మెమ్‌చెక్. ప్రోగ్రాం వాడే ప్రతి బిట్‌కూ పక్కన ఇంకో బిట్ పెట్టుకుని, ఇక్కడ ఎవరైనా విలువ రాశారా, లేక పాత చెత్తే ఉందా అని లెక్క చూసుకుంటూ ఉంటుంది. దీనివల్ల ప్రోగ్రాం 20, 30 రెట్లు నెమ్మదిస్తుంది. అయినా సహిస్తాం. ఎందుకంటే మెమ్‌చెక్‌కు ఒక సంయమనం ఉంది. రాయని చోటును ప్రోగ్రాం అటూ ఇటూ కాపీ చేసినా అది పలకదు. ఆ చెత్త విలువను చూసి ప్రోగ్రాం దారి మళ్లితేనో, దాన్ని కెర్నల్‌కు అప్పగించబోతేనో అప్పుడు పలుకుతుంది.

ఈ సంయమనాన్ని నిలబెట్టడమే వాల్‌గ్రిండ్ నిర్వాహకుల అసలు కష్టం. ఒక ఉదాహరణ చెబుతాను. 'విలువ దొరికిందా, దొరికితే అది సున్నాకన్నా ఎక్కువా' అని సి భాషలో రెండు ప్రశ్నలు వరుసగా రాస్తాం. మొదటిదానికి కాదని వస్తే రెండోది అడగనక్కర్లేదు. కానీ జీసీసీ, క్లాంగ్ కంపైలర్లకు రెండోది ముందడిగితే లాభమనిపిస్తే వరుస తిప్పేస్తాయి. దొరకని విలువ మీద ప్రశ్న వేసినా చివరి జవాబు మారదు గనుక కంపైలర్ చేసిన దాంట్లో తప్పు లేదు. మెమ్‌చెక్‌కు కనిపించేది మెషిన్ కోడ్ ఒక్కటే. అందులో చూస్తే, చెత్త విలువను బట్టి ప్రోగ్రాం దారి మళ్లుతున్నట్టే ఉంటుంది. ఫిర్యాదు చేస్తే అది అబద్ధం. ఇలాంటివన్నీ వదిలేస్తే నిజమైన తప్పులు జారిపోతాయి. స్యూవర్డ్ చివరికి తిప్పిన ఆ రూపాన్ని మెషిన్ కోడ్‌లోనే పోల్చుకుని, ప్రోగ్రామర్ రాసిన వరుసలో మళ్లీ చదువుకునే పద్ధతి పెట్టారు. నేను చదివిన అందమైన ఇంజినీరింగ్ పనుల్లో అదొకటి. పని సరిగ్గా జరిగిందనడానికి గుర్తు, రావాల్సిన ఒక తప్పుడు ఫిర్యాదు రాకపోవడం. బయటివాళ్లకు అక్కడ ఏదో జరిగిందనే తెలియదు.

అబద్ధపు ఫిర్యాదులు పెరిగితే 'నాన్నా పులి' కథే అవుతుంది. అయితే ఫిర్యాదు నిజమైనా చాలదని 2006లో డెబియన్ లినక్స్‌లో జరిగింది చూస్తే అర్థమవుతుంది. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రాండమ్ సంఖ్యలు పుట్టించే కోడ్ దగ్గర వాల్‌గ్రిండ్ సణుగుతోందని, డెబియన్ నిర్వాహకుడొకరు ఒకేలా కనిపించే రెండు లైన్లు తీసేశారు. తీసేముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లను అడిగారు కూడా. వాటిలో ఒక లైను పోయినా నష్టం లేదు. రెండోది మాత్రం యాదృచ్ఛికతనంతా కలిపే లైను. అది పోయాక ఎన్‌క్రిప్షన్ తాళంచెవికి మిగిలిన గుట్టల్లా ప్రాసెస్ నంబరే. అంటే ఒక్కో రకం యంత్రంలో, ఒక్కో సైజుకు పుట్టగలిగిన తాళంచెవులు ఇంచుమించు 32,768. మామూలు కంప్యూటర్ మీద అన్నీ ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు. 2008 మే దాకా ఆ సంగతి బయటికి రాలేదు. ఆ నిర్వాహకుణ్ని తప్పు పట్టాలని నాకు అనిపించదు. సణుగుడు ఆపడమూ, అది ఎందుకొస్తోందో తెలుసుకోవడమూ పని ఒత్తిడిలో ఉన్న మనిషికి ఒకే పనిలా కనిపిస్తాయి. ఫ్రాయిండ్ కూడా ఆ ఫిర్యాదును తన పరీక్షల్లోంచి ఒక లైనుతో తీసేసి ఉండొచ్చు. వద్దనుకున్న ఫిర్యాదులు రాసిపెట్టే సప్రెషన్ ఫైలు ఉన్నది అందుకే. ఆయన దాన్ని మనసులో పెట్టుకున్నారు.

ఇక పనిముట్టును నిలబెట్టుకోవడంలో ఎవరికీ పట్టని భాగం ఒకటుంది. కెర్నల్‌లోకి కొత్త సిస్టమ్ కాల్ వస్తే అది ఏ మెమరీ చదువుతుందో, ఏది రాస్తుందో వాల్‌గ్రిండ్‌కు ఎవరో ఒకరు చేత్తో రాసి చెప్పాలి. ప్రాసెసర్‌లోకి కొత్త ఇన్‌స్ట్రక్షన్ వస్తే దాన్నీ నేర్పాలి. నేర్పకపోతే ప్రోగ్రాం మధ్యలోనే కూలుతుంది. గుర్తుపట్టని ఇన్‌స్ట్రక్షన్ అంటూ కొన్ని బైట్లు అచ్చవుతాయి. వాటిలో మొదటిది 0ఎక్స్62 అని కనబడగానే నాకు విషయం తెలిసిపోతుంది: ఏవీఎక్స్-512 ఇన్‌స్ట్రక్షన్లు. 2017 నుంచి సర్వర్ చిప్‌లలో ఉన్నవే ఇవి. జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎమ్‌లకు ఎప్పుడో వచ్చేశాయి. వాల్‌గ్రిండ్ మాత్రం ఏళ్ల తరబడి వాటి దగ్గర ఆగిపోయింది. తెలివి తక్కువై కాదు, మనుషులు లేక. కంపైలర్‌కు కొత్త ఇన్‌స్ట్రక్షన్లు తెలియకపోతే చిప్ అమ్ముడుపోదు కాబట్టి చిప్ కంపెనీలు ఆ పనికి జీతాలిస్తాయి. డీబగ్గింగ్ పనిముట్టుకు తెలియకపోతే అమ్మకాలు ఆగవు. ఆ భారం ఖాళీ వేళల్లో పనిచేసేవాళ్ల మీద పడుతుంది.

ఇది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే కంపైలర్ రాసేవారికీ, డీబగ్గింగ్ పనిముట్టు చూసేవారికీ మధ్య దూరం చాలా తక్కువ. ఇన్‌స్ట్రక్షన్ ఏ బిట్‌లలో ఎలా కూర్చుంటుందో కంపైలర్ ఇంజినీర్‌కు అప్పటికే కంఠతా వచ్చు. దాని పరీక్షలూ చేతిలోనే ఉంటాయి. అదే మనిషి ఆ ఊపులోనే వాల్‌గ్రిండ్‌కు, జీడీబీ డీబగ్గర్‌కు ప్యాచ్ పంపితే, తర్వాత ఇంకెవరో మాన్యువల్ ముందేసుకుని మొదటి నుంచీ తవ్వుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లోని చిప్ కంపెనీల కంపైలర్ బృందాల్లో మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వచ్చే ప్రాసెసర్‌కు ప్రణాళిక వేసేటప్పుడు డీబగ్గింగ్ పనిముట్ల పనిని కూడా అందులో ఒక లైనుగా, పనిగంటలతో సహా రాయించమని నేను వాళ్లను అడుగుతున్నాను.