కాదనకుండా మాట కలిపే నేర్పు

చల్లపల్లికి దగ్గర్లోని కూచిపూడి భాగవతులు కలాపాలతో పాటు పగటివేషాలూ కట్టేవారు. పగటివేషానికి తెర ఉండదు. గడప దగ్గర ఇంటివాళ్లు ఏమంటే దాన్నే అందుకుని, అప్పటికప్పుడు సంభాషణ అల్లాలి. ఎదుటివారి మాట కొట్టిపారేస్తే ఆట అక్కడే ఆగిపోతుంది. డిమెన్షియా వచ్చిన పెద్దలను ఇంట్లో చూసుకునేవాళ్లకు కావలసింది సరిగ్గా ఈ నేర్పే. అమెరికాలో తల్లిదండ్రులిద్దరికీ అల్జీమర్స్ వచ్చిన నటి కారెన్ స్టోబీ, ఆశునాటకంలోని ఈ పద్ధతినే సంరక్షకులకు నేర్పుతూ వచ్చారు.

పోయిన భర్త గురించి "పొలం నుంచి ఇంకా రాలేదేం?" అని నాయనమ్మ అడిగిందనుకోండి. ఆయన లేరని చెబితే అది ఆమెకు ప్రతిసారీ కొత్త చావుకబురే. "తాతయ్యకు ఏ కూర ఇష్టం నాయనమ్మా?" అంటే మాట సాగుతుంది, దిగులు సర్దుకుంటుంది. ఇది మోసం కాదా అంటారు కొందరు. కూర గురించిన ఆ ప్రశ్నలో అబద్ధమేదీ లేదు, ఆమె బెంగకు దొరికిన తోడు ఉంది. నాయనమ్మను చూసుకుంటూ నిద్రలేని కోడలికి నటన నేర్పితే చాలునా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. చాలదు. ఆమెకు చేతిసాయం, విశ్రాంతి, డాక్టరు సలహా కావాలి. అయినా రోజంతా వాదించి ఓడిపోయే అలసట తగ్గడం చిన్న సంగతి కాదు. 2023లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. కూచిపూడిలో నాట్యం నేర్పే సిద్ధేంద్రయోగి కళాపీఠం వీళ్ల ఇంటివాళ్ల కోసం ఒక తరగతి తెరవాలి.