స్త్రీనామములలో ప్రాచీనత : ఒక విమర్శ

ఇటీవల తెలుగు కుటుంబములలో ఆడశిశువులకు పాత పేర్లు పెట్టు వాడుక మరల తలయెత్తుచున్నది. జానకి, వైదేహి, అహల్య, మైత్రేయి, గార్గి మొదలగు పేర్లు నామకరణ మహోత్సవపు ఆహ్వానపత్రములలోను, బడుల హాజరు పట్టికలలోను కానవచ్చుచున్నవి. ఒక తరమునకు పూర్వము స్వప్న, లావణ్య, సునీత అను పేర్లపై నుండిన మక్కువ నేడు వీనిపైకి మరలినది. దీనిని పూర్వసంప్రదాయ పునరుద్ధరణమని కొనియాడువారు కలరు. ఈ ప్రశంస యెంతవఱకు నిలుచునో పరిశీలించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

పాత యను మాటకు ఇచ్చట రెండర్థములు కలవు. గ్రంథమున పాతది యొకటి. ఇంటిలో పాతది వేఱొకటి. మన ముత్తవలలో పెక్కుమంది వెంకమ్మలు, సుబ్బమ్మలు, మంగమ్మలు, అచ్చమ్మలు, పుల్లమ్మలు, ఎల్లమ్మలు. నేడు మరలి వచ్చుచున్న పేర్లలో ఇవి యరుదు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కము’ను చూడుడు. అందు ఇల్లాలు వెంకమ్మ. ఆమె కూతుండ్రు బుచ్చమ్మ, సుబ్బి. మధురవాణి వేశ్య. నాటి సమాజమున ఏ పేరు ఎవరిదో ఆ యొక్క నాటకమే తెలుపుచున్నది. నేటి తల్లిదండ్రులు మధురవాణి యను పేరును అందమైన పాత పేరుగా నెన్నుకొనవచ్చును. బుచ్చమ్మను మాత్రము తలపనైన తలపరు. కావున జరుగుచున్నది ముత్తవ వద్దకు మరలుట కాదు, ముత్తవను దాటిపోవుట.

ఈ భేదము స్పష్టపడుటకు అన్యదేశపు ఉదాహరణ మొకటి చాలును. అమెరికాలో ప్రభుత్వ సామాజిక భద్రతా శాఖ 1880 మొదలుగా పుట్టిన శిశువుల పేర్ల వరుసలను ప్రకటించినది. 1880లో ఆడశిశువుల పేర్లలో మూడవ స్థానమున నుండిన ఎమ్మా, నడుమ మిక్కిలి వెనుకబడి, 2014 నుండి 2018 వఱకు ప్రథమస్థానమున నిలిచినది. అచ్చట మరలివచ్చినది ముత్తవల నాటి పేరే, అక్షరమైనను మాఱలేదు. మనకడ మరలివచ్చినది పురాణము.

ఇందుల కొక యాక్షేపణ కలదు. పేరును సంస్కృతీకరించుట తెలుగువారికి నేటి వింత కాదు గదా యని యందురు. నిజమే. కాకతి రెండవ ప్రోలరాజు భార్య ముప్పమ. గణపతిదేవుని సోదరి మైలమ. బయ్యారము చెఱువు శాసనము వేయించిన యా మైలమయే మైలాంబ యని వ్యవహరింపబడుచున్నది. తరిగొండ వెంగమ్మ వెంగమాంబ యైనదియు నిట్లే. కాని సూక్ష్మముగా పరికింపవలెను. ఆనాడు మాఱినది తుదిపదము మాత్రమే. మైల, వెంగ యను మొదళ్లు చెక్కుచెదరలేదు. ‘అమ్మ’కు ‘అంబ’ పట్టుచీర వంటిది. కట్టుకొన్న మనిషి ఆమెయే. నేడు మనిషిని విడిచి చీరను మాత్రము దాచుకొనుచున్నాము. రాణులలో రుద్రమ యొక్కతెయే జనుల నోట నిలిచినది. అందుకు చరిత్రపాఠములును, 2015 నాటి చలనచిత్రమును తోడ్పడినవి. ముప్పమ, మైలమ యను పేర్లు రాచనగళ్లలో పుట్టినవైనను నేటి చెవికి మొఱకుగా తోచును. మొఱకుదనము పేరులో లేదు, వినువారి యభిప్రాయములో నున్నదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. తెలుగు కవయిత్రులు తిమ్మక్క, మొల్ల, వెంగమాంబ. వీరి పేర్లును ఇంటి పేర్లే కాని ప్రబంధనాయికల పేర్లు కావు.

ఈ యింటి పేర్లలో నిక్షిప్తమైన చరిత్ర స్వల్పము కాదు. సంతానమునకై నాగదేవతకు మ్రొక్కుకొన్న తల్లుల కథ నాగమ్మ, సుబ్బమ్మ యను పేర్లలో నున్నది. పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోవుచుండగా, ఈ బిడ్డనైనను మృత్యువు రోసి విడుచునేమో యను నాశతో పెట్టిన పేరు పెంటమ్మ. గ్రామదేవతల చరిత్ర ఎల్లమ్మ, అంకమ్మలలో నున్నది. అత్తగారి పేరు కూతునకు పెట్టుకొనిన కోడలు, ఆ పేరు నోట పలుకరాదు గనుక బిడ్డను ‘అమ్మలూ’ యనియో ‘బుజ్జీ’ యనియో పిలుచుకొనెడి మర్యాదయు ఈ పేర్ల వెంట నడచినదే.

అట్లని ప్రతివారును బిడ్డకు పెంటమ్మ యని పేరిడవలెనని మేము వాదించుట లేదు. పేరు మోయవలసినది బిడ్డ, పండితుడు కాడు. కొన్ని పేర్లు దైన్యమును, కులము పేరిట పొందిన యవమానమును జ్ఞప్తికి తెచ్చును. వానిని వదలించుకొను హక్కు ఆ కుటుంబములకు పూర్తిగా కలదు. అయినను ఒక యనుభవమును చెప్పక తీఱదు. మా తరగతిలో ఒకప్పుడు అంకమ్మ యను విద్యార్థిని యుండెడిది. హాజరు పిలుచునపుడు ఆ పేరు వినబడినంతనే వెనుక వరుసలలో నవ్వు పుట్టెడిది. కొన్నాళ్లకు ఆమె తన పేరును కుదించి పిలువుమని మమ్ము కోరినది. మేమును సరే యంటిమి. ఆమె తెలుగు సాహిత్యము చదువవచ్చిన బాలిక. నవ్వినవారును తెలుగు సాహిత్య విద్యార్థులే. ఆనాడు నవ్విన వారికి ఆ పేరు చరిత్రను బోధింపక ఊరకుండుట మా లోపమని నేడు తలంచుచున్నాము.

కావున పాత పేర్లపై నేడు పుట్టిన మక్కువను నిందింపము. దానిని సంప్రదాయ పునరుద్ధరణ మనుటను మాత్రము అంగీకరింపము. అది యొక యెంపిక. ఆ యెంపికలో విడువబడిన భాగము ముదుసలి స్త్రీలతో పాటు వెడలిపోవుచున్నది. పరిశోధక విద్యార్థులు ఓటర్ల పట్టికలను, పాత దస్తావేజులను వెదకి ఈ పేర్లను ప్రాంతములవారిగా సేకరింపవలెను. అంతకు ముందు తమ యిండ్లలోని అవ్వలను ఆ పేరు ఎవరు పెట్టిరో, ఏల పెట్టిరో అడిగి వ్రాసికొనవలెను. పట్టికలు రేపును దొరకును. ఆ సమాధానము చెప్పువారు రేపు ఉండకపోవచ్చును.