నవ్వుల లాంచీలో మన చోటెక్కడ?

పెద్దాపురం పేరు చెబితే ముసిముసిగా నవ్వే అలవాటును మన సినిమాలు జనానికి బాగానే నేర్పాయి. కళావంతుల ఆడవాళ్ల బతుకును ఒక ఊరి పేరుకు చుట్టి, వెకిలి జోకు చేసి అమ్ముకున్నాయి. ఆ ఊళ్లోనే విద్యార్థులతో కూర్చుని శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006) మళ్లీ చూశాం. అయ్యాక ఒకమ్మాయి అంది: "ఇందులో ఎవర్నీ కించపరిచి నవ్వించలేదండీ. మాకదే నచ్చింది."

ఆ మాటను మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. కాలేజీలో తన ఊరి పేరు చెప్పడానికి వెనకాడిన పిల్ల అన్న మాట అది.

నిజమే, ఇది శుభ్రమైన హాస్యం. రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీ ప్రయాణం. అమెరికా నుంచి తిరిగొచ్చి రాజకీయాల్లో దిగాలనుకునే శ్రీరామ్, తన కాళ్ల మీద తాను నిలబడాలనుకునే సీత, మనిషిలా మాట్లాడే కుక్క. 1973లో బాపు 'అందాల రాముడు' కూడా ఇదే నీటిదారిన నడిచింది.

అయితే కించపరచకపోవడం వేరు, చోటివ్వడం వేరు. ఈ లాంచీలో సెలవు ఎవరిది, పని ఎవరిది? సరంగు, పనివాళ్లు, బుడగలమ్మే కుర్రాడు అందరూ మంచివాళ్లే. కానీ ప్రయాణం వాళ్లది కాదు. ఇక ఒడ్డున ఉన్నవి కోయల, కొండరెడ్ల, దళితుల ఊళ్లు. వాటిని ముంచే పోలవరం పనులు 2004లో మొదలయ్యాయి. రెండేళ్లకు వచ్చిన ఈ సినిమాలో పాపికొండలు ఎంతో అందంగా ఉన్నాయి. ఆ కొండల మనిషి మాత్రం కథలో ముఖ్యుడు కాలేకపోయాడు.

విహార హాస్యానికి ఇది అన్నిచోట్లా ఉన్న జబ్బే. 1965లో అమెరికాలో 'స్కీ పార్టీ' అనే సినిమా వచ్చింది. మంచుకొండల విడిదిలో తెల్ల కుర్రకారు సరదాలే కథ. అందులోకి నల్లజాతి గాయకుడు జేమ్స్ బ్రౌన్ తన బృందంతో వస్తాడు. మంచులో చిక్కినవాళ్లను కాపాడే దళం వేషంలో వచ్చి, పాట పాడి అందర్నీ ఉర్రూతలూగిస్తాడు. తర్వాత కథకు అతనితో పని లేదు. నల్లవాళ్లు ఓటు హక్కు కోసం నెత్తురోడిన సంవత్సరం అది!

కాపాడటానికి పనికొచ్చే మనిషి కథకు ఎందుకు పనికిరాడు? ఈ ప్రశ్న గోదావరికీ వర్తిస్తుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర విహారయాత్ర లాంచీ మునిగింది. ఎంతోమంది చనిపోయారు. నీళ్లలో కొట్టుకుపోతున్నవాళ్లను పడవల్లో వెళ్లి ఒడ్డుకు చేర్చింది ఆ దగ్గరి గిరిజన ఊళ్ల జనమే. నెల దాటాక లాంచీని బయటికి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. సినిమాలో వెనక దృశ్యంగా మిగిలిన మనుషులు ఆ రోజు నదికి అడ్డం పడి మనుషుల్ని దక్కించారు. వాళ్లకు నది అంటే అందం ఒక్కటే కాదు, లోతూ సుడీ కూడా తెలుసు.

మేం నవ్వుకు వ్యతిరేకులం కాదు. పొద్దస్తమానం ఏడుపే మన సాహిత్యం అనుకునేవాళ్లతో మాకు పేచీ ఉంది. మాలపల్లెలో, మాదిగగూడెంలో, కొండరెడ్ల ఊళ్లో ఉన్నంత హాస్యం ఎక్కడుంది? అది తెర మీదికి రావాలంటే, కించపరచకపోతే చాలని మనం సర్దుకోకూడదు. పెద్దాపురం అమ్మాయికీ ఇదే చెప్పాం. "అయితే మా ఊరి జోకులు మేమే రాస్తాం" అంది. ఈసారి అందరం నవ్వాం.